రీసెట్ బాబాయి వేలు

మూడో ఏజెంటును పళ్ళ డాక్టరు కుర్చీలో చంపారు.

నోరు తెరిచే ఉంది. చిగుళ్ళ మధ్య దూది అలాగే ఉంది. మత్తుమందు సూది పొడిచిన చెయ్యి డాక్టరుది కాదు. సూదిలో పసుప్పచ్చ చుక్క ఒకటి మిగిలి ఉంది. అసలు డాక్టరు పక్క గదిలో, నోటికి ప్లాస్టర్‌తో, కుర్చీకి కట్టేసి దొరికాడు. ఉమ్మి వేసే తొట్టిలో ఎవరిదో పాత నెత్తుటి చార, దాని మీద ఒక ఈగ. పదకొండేళ్ళు పేరు లేకుండా పనిచేసిన మనిషి ఆఖరుసారిగా చూసింది ఆ తొట్టినే.

జిడ్డు ముఖం తిప్పుకున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని జిడ్డు అనే పిలుస్తారు. కేసు పట్టుకుంటే ఒక పట్టాన వదలడు కనుక. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒక ఫైల్లో ఉంది, ఆ ఫైలున్న బీరువాకు తాళం ఉంది.

వెయిటింగ్ రూమ్‌లో పెద్దమ్మ కూర్చుని ఉంది. డిప్యూటీ డైరెక్టర్. రిటైర్మెంట్‌కు ఆరు నెలలు. ఆవిడను ముఖం మీదే పెద్దమ్మా అని పిలిచే హక్కు ఫీల్డు ఏజెంట్లకు మాత్రమే ఉంది.

"ఇది మూడోది," అందామె. "ముగ్గురూ చావుకు ముందురోజు మన వీపీఎన్‌లోకి రావాలని చూశారు. ముగ్గురికీ సరిగ్గా అదే నిమిషంలో సర్వర్ హ్యాంగ్ అయింది."

వీపీఎన్ అంటే ఏజెంటు ఫోనుకూ హెడ్ ఆఫీసుకూ మధ్య ఒక రహస్య సొరంగం. అందులో ఏం పోతోందో, ఎక్కడి నుంచి పోతోందో బయటివాడికి కనపడదు. ఆ సొరంగాలన్నీ వచ్చి చేరేది ఒకే ఒక్క సర్వర్‌కు.

"హ్యాంగ్ అయితే?"

"ఫోను ఇరవై సెకన్లు ఎదురుచూస్తుంది. జవాబు లేకపోతే తనంతట తనే స్పేర్ లైనుకు పోతుంది. ఆ లైను ఒక ప్రైవేటు కంపెనీది. నాలుగు నెలల కింద డైరెక్టర్ గారు పెట్టించారు."

"అక్కడ ఎవరో వింటున్నారు."

"విని, చోటు కనుక్కుని, మనిషిని పంపుతున్నారు. విదేశీ ముఠా పనే. నాకు తెలుసు. రుజువు లేదు. డైరెక్టర్‌కి నా మాట ఎక్కదు."

"తరువాత ఎవరు?"

పెద్దమ్మ కళ్ళజోడు తీసి పైటకొంగుతో తుడిచింది.

"పిచ్చుక. ఇవాళే. సాయంత్రం నాలుగూ పదికి."

పిచ్చుక అతని బావమరిది. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఎనిమిది నెలలుగా ఆ ముఠాలోనే లారీ క్లీనరుగా దూరి, వాళ్ళ మనుషుల జాబితా మొత్తం సంపాదించాడు. ఈ ఉద్యోగంలోకి వాడిని తెచ్చింది జిడ్డే.

"టైము మార్చండి పెద్దమ్మా."

"వాడికి చెప్పేదెలా? వాడు కనెక్ట్ అయితేనే కదా మాట్లాడేది!" ఆమె లేచింది. "ఏసీ మెకానిక్ వేషం. డైరెక్టర్‌కు కూడా తెలియకూడదు. గేటు దగ్గర 'చల్లగాలి రావట్లేదట, కంపొస్తోందట' అను. గేటు మనిషి నా వాడు."

"కోడ్ వర్డులో కూడా కంపేనా?"

"గది చూశాక నువ్వే మెచ్చుకుంటావు."

దారిలో భార్య ఫోను చేసింది. తమ్ముడు మందుల కంపెనీలో సేల్స్‌మన్ అని ఆమె నమ్మకం.

"వాడు ఆదివారం వస్తున్నాడా లేదా? నీ స్వెటర్ వాడి దగ్గరే ఉండిపోయింది. ఈసారైనా తెమ్మని చెప్పు."

"తెస్తాడులే," అన్నాడు జిడ్డు.

పెద్దమ్మ అబద్ధం చెప్పలేదు. దేశం రహస్యాలన్నీ కాపాడే గది అది. ఏసీ కింద ఒక ప్లాస్టిక్ బకెట్, అందులో పచ్చగా నాచు పట్టిన నీళ్ళు. కీబోర్డు మీద టీ మరకలు, ఆ మరకలు అతుక్కున్న చోట ఒక చచ్చిన బొద్దింక. ఎవరూ తీయలేదు. ఎంటర్ మీట దాని పక్కనే ఉంది కాబట్టి దాన్ని తప్పించుకుని నొక్కడం అలవాటైపోయింది. మూల సర్వర్ ర్యాక్, దాని తలుపుకు ఎవరిదో తడి తువ్వాలు ఆరేసి ఉంది. ఛీ, అనుకున్నాడు జిడ్డు, నిచ్చెన దించుతూ.

గోడకు మాత్రం ఒక సర్టిఫికెట్ ఫ్రేములో తళతళ మెరుస్తోంది: అత్యంత వేగవంతమైన స్పందన.

"అది నాదే," అన్నాడు ఆపరేటర్. అరవైకి దగ్గర పడిన మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో నాలుగు రంగుల పెన్ను. "సర్వర్ హ్యాంగయితే రీసెట్ కొట్టడానికి అందరికీ అరనిమిషం పడుతుంది. నాకు ఆరు సెకన్లు. అందుకే నన్ను రీసెట్ బాబాయి అంటారు."

"ఎందుకు హ్యాంగవుతోంది బాబాయ్?"

బాబాయికి ఆ ప్రశ్న వింతగా తోచింది.

"ఎందుకేంటి అబ్బాయ్? రీసెట్ కొడితే వచ్చేస్తుందిగా!"

లాగ్‌బుక్ తెరిచి చూపించాడు. ముత్యాల్లాంటి దస్తూరి. 'సర్వర్ హ్యాంగ్. రీసెట్ చేయబడినది. సరిచేయబడినది.' కింద మళ్ళీ అదే. ఆ కింద మళ్ళీ అదే. నాలుగు నెలల్లో నలభై ఒక్కసార్లు. ప్రతి ఎంట్రీ పక్కనా డైరెక్టర్ సంతకం. నలభై ఒక్కసార్లు చచ్చిన యంత్రాన్ని ఏం రోగమే నీకు అని అడిగిన మనిషి ఒక్కడు లేడు ఆ నాలుగంతస్తుల మేడలో.

అడగడానికి వీల్లేకుండా చేసింది కూడా ఆ రీసెట్టే. చివరి క్షణంలో సర్వర్ తన జబ్బు తానే రాసుకుంటుంది. కానీ ఆ రాత డిస్కు దాకా చేరేలోపు బటన్ నొక్కితే తుడిచిపెట్టుకుపోతుంది. ఆరు సెకన్ల వేగంతో బాబాయి నలభై ఒక్కసార్లు సాక్ష్యం తుడిచేశాడు.

జిడ్డు పనిముట్ల సంచిలో ఉష్ణోగ్రత కొలిచే మీటరు ఒకటుంది. దాని లోపల ఉన్నది చిన్న కంప్యూటరు. ఏసీ వైరు లాగుతున్నట్టు నటిస్తూ ర్యాక్ వెనక్కి దూరి, ఒక కేబుల్‌ను సర్వర్ కన్సోల్‌కు, ఇంకొకటి నెట్‌వర్క్ స్విచ్‌కు తగిలించాడు. ఇకమీద సర్వర్ ఏం వాగినా, దానిలోకి ఏం వచ్చినా మీటరు రాసుకుంటుంది. వెనక్కి పాకుతుంటే మోచేతులకు నూనె కలిసిన బూజు అంటుకుంది.

పదకొండు గంటలకు అన్ని శాఖల నుంచి హాజరు రిపోర్టులు ఒక్కుమ్మడిగా వచ్చిపడ్డాయి. తెర మీద ట్రాఫిక్ తొంభై శాతం దాటింది. ఉన్నట్టుండి సర్వర్ వెనక ఆకుపచ్చ దీపాలు మిణుకు మానేసి నిలిచిపోయాయి.

"హ్యాంగ్!" బాబాయి కుర్చీలోంచి లేవడం, వేలు బటన్‌ను తాకడం ఒక్కసారే జరిగాయి. "ఎంతయింది?"

"ఆరు సెకన్లు," అన్నాడు జిడ్డు.

బాబాయి ముఖం వెలిగిపోయింది. ఆ తరువాత సర్వర్ మళ్ళీ లేవడానికి ఆరు నిమిషాలు పట్టింది. దాని గురించి ఎవరికీ సర్టిఫికెట్ ఇచ్చినట్టు లేదు.

జిడ్డు నిచ్చెనెక్కి, ఏసీలో తల దూర్చి మీటరు చదివాడు. మొదటి సెకను: నెట్‌వర్క్ కార్డులో పంపాల్సిన ప్యాకెట్ల వరస ఆగిపోయింది. అయిదో సెకను: కార్డును నడిపే ప్రోగ్రాము, డ్రైవర్, గమనించింది. 'క్యూ టైమవుట్. అడాప్టర్ రీసెట్ అవుతోంది.' ఆరో సెకను: ఏమీ లేదు. బాబాయి వేలు.

అతను ఆ మూడు లైన్లూ మూడుసార్లు చదివాడు.

రోగం నెట్‌వర్క్ కార్డుది. డ్రైవర్ అడాప్టర్ అన్నది దాన్నే. పెద్ద ప్యాకెట్లను ముక్కలు చేసే పనిని సర్వర్ ఆ కార్డుకే వదిలేసింది. దాన్ని ఆఫ్‌లోడ్ అంటారు. రద్దీలో ఒక రకం పెద్ద ప్యాకెట్ వస్తే కార్డు నమలలేక దవడ పట్టేసినట్టు నిలిచిపోతోంది. అలాంటి ప్యాకెట్‌ను ఎవరైనా కావాలనే పంపొచ్చు. కానీ డ్రైవర్ అది కనిపెట్టి, కార్డును తట్టి లేపుతోంది. ఇంకొక నాలుగైదు సెకన్లు వదిలేస్తే సర్వర్ తనంతట తానే లేచేది! ఫోన్ల ఇరవై సెకన్ల గడువు దాటేదే కాదు. ముఠా చేయగలిగింది పది సెకన్ల తుమ్ము మాత్రమే. దాన్ని ఆరు నిమిషాల చావుగా మార్చింది మనవాళ్ళే, సర్టిఫికెట్ ఇచ్చి మరీ.

"బాబాయ్, హ్యాంగయిన వెంటనే కొట్టాలని ఎవరు చెప్పారు?"

"సర్క్యులర్ ఉందిగా." డ్రాయరులోంచి తీసిచ్చాడు. 'పది సెకన్లలోపు రీసెట్ చేయవలెను. ఆలస్యమునకు సంజాయిషీ కోరబడును.' సంతకం డైరెక్టర్‌ది. కింద చిన్న అక్షరాల్లో: సూచన, సాంకేతిక కన్సల్టెంట్.

జిడ్డుకు ఆ కన్సల్టెంట్ ఎవరో తెలుసు. డిపార్ట్‌మెంట్‌లో తెలియనివారు లేరు. తెల్ల సిల్కు చీర, చెవికి ఒంటి వజ్రం, ఆమె వెళ్ళిన గంట తరువాత కూడా లిఫ్టులో నిలిచే సెంటు. స్పేర్ లైను కంపెనీ ఆమెదే. పైగా ఆమె ముఠాలో మన తరఫున ఉన్న డబుల్ ఏజెంటని డైరెక్టర్ గారి గాఢ విశ్వాసం. అక్కడి నుంచి ఆమె చెంచాడు కబుర్లు తెచ్చేది. ఇక్కడి నుంచి గంపతో మోసేది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం విన్నాం గానీ, ఇంటాయనే నిచ్చెన పట్టుకుని లెక్క పెట్టించడం ఇక్కడే.

ఆఫ్‌లోడ్ ఆపడానికి ఒక్క లైను కమాండ్ చాలు. కానీ సర్వర్‌లో ఏది మార్చాలన్నా కావలసిన రూట్ పాస్‌వర్డ్ కన్సల్టెంట్ దగ్గరే ఉంది. జిడ్డు పెద్దమ్మకు ఫోను చేశాడు.

"చేంజ్ రిక్వెస్ట్ పెట్టాలి," అంది ఆమె, నోట్లో చేదు ఉన్నట్టు. "మూడు సంతకాలు. కమిటీ గురువారం కూర్చుంటుంది."

"ఇవాళ మంగళవారం."

"నాకూ క్యాలెండర్ ఉంది నాయనా. బటన్ దగ్గర ఎవరున్నారో చూసుకో. మనకు మిగిలింది అదే."

భోజనాల వేళ జిడ్డు బాబాయి పక్కన కూర్చుని తానెవరో చెప్పాడు. మీటరు తెర మీది లైన్లు చూపించాడు. లాగ్‌బుక్‌లో మూడు తేదీల కింద గోటితో గీశాడు.

బాబాయికి మెల్లగా అర్థమైంది. చేతిలో ముద్ద డబ్బాలోకి జారింది.

"అంటే ఆ రోజుల్లో నేను కొట్టకుండా ఉంటే..."

"ముగ్గురూ బతికుండేవాళ్ళేమో."

"నా వేలే చంపిందా?"

"మీరు కాదు బాబాయ్. సర్క్యులర్."

"సర్క్యులర్‌కి వేళ్ళుండవు అబ్బాయ్." కుడిచేతి చూపుడు వేలు కేసి చూసుకున్నాడు. సబ్బుతో కడిగాడు. మళ్ళీ కడిగాడు. వచ్చి, కూర్చోకుండా నిలబడే అడిగాడు. "పది సెకన్లలో లేస్తుందని గ్యారంటీనా?"

"లేదు. నా అంచనా అంతే."

"లేవకపోతే?"

"పోయేది నా బావమరిది."

బాబాయి తినని డబ్బాకు మూత పెట్టేశాడు.

నాలుగు గంటలకు శాఖలన్నీ దినసరి రిపోర్టులు పంపడం మొదలుపెట్టాయి. ఫీల్డు ఏజెంట్లు కనెక్టయ్యేది ఎప్పుడూ ఈ రద్దీలోనే, గుంపులో గోవిందా అన్నట్టు ఎవరి కంటా పడకుండా. నాలుగూ అయిదుకు తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వచ్చింది, తరువాత కన్సల్టెంట్, ఆమె వెనక ఆమె హ్యాండ్‌బ్యాగు మోస్తూ డైరెక్టర్.

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం ఆయన. దువ్వెనతో జుట్టు సర్దుకుంటూ అన్నాడు. "ఇవాళ మన మనిషి ముఖ్యమైన జాబితా పంపుతున్నాడు. ఏ ఇబ్బందీ రాకుండా మేడమ్ గారు దగ్గరుండి చూస్తామన్నారు."

"నాలుగూ పదికి కదా?" అందామె తీయగా.

"నాలుగూ పదికే!" గదిలో ఏసీ మెకానిక్ ఉన్నాడని కూడా చూడలేదాయన. జిడ్డుకు ఉమ్మేయాలనిపించింది. చేతిలో ఏసీ ఫిల్టర్ ఉండబట్టి ఆగాడు. నాలుగేళ్ళుగా ఎవరూ తీయని ఫిల్టర్, దుప్పటి మందాన మట్టి పట్టి ఉంది.

కన్సల్టెంట్ తన హ్యాండ్‌బ్యాగు తీసుకుని, పౌడరు డబ్బా తెరిచి అద్దంలో ముఖం చూసుకుంది. నిచ్చెన మీద నుంచి జిడ్డుకు ఆ డబ్బా లోపలి భాగం బాగా కనిపించింది. అద్దం కింద పౌడరు లేదు. చిన్న తెర ఉంది.

నాలుగూ పది. ఆమె బొటనవేలు కదిలింది.

ఆకుపచ్చ దీపాలు నిలిచిపోయాయి.

"హ్యాంగ్!" బాబాయి లేచాడు. వేలు బటన్‌కు బెత్తెడు దూరంలో ఆగింది.

"నొక్కవయ్యా!" అరిచాడు డైరెక్టర్.

"రెండు," అన్నాడు జిడ్డు, నిచ్చెన మీద నుంచి. "మూడు."

"నొక్కండి, ప్లీజ్," అంది కన్సల్టెంట్. కళ్ళలో నీళ్ళు కూడా తెప్పించింది. "అక్కడ ఒక మనిషి ప్రాణం!"

"అయిదు."

తెర మీద అక్షరాలు వచ్చాయి. క్యూ టైమవుట్. అడాప్టర్ రీసెట్ అవుతోంది. నాలుగు నెలల్లో ఆ గదిలో ఎవరూ ఆ తరువాతి లైను చూడలేదు.

"ఇది నా ఆర్డర్! సస్పెండ్ చేస్తాను!"

ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఒక్క మెమో లేని మనిషి బాబాయి. చాచిన చెయ్యిని వెనక్కి లాక్కుని, కుర్చీలో కూలబడి, దాని మీదే కూర్చున్నాడు.

"తొమ్మిది. పది."

దీపాలు వెలగలేదు. తెర మీద కొత్త లైను: 'రీసెట్ విఫలం. మళ్ళీ ప్రయత్నం.'

"అబ్బాయ్, పది దాటింది," అన్నాడు బాబాయి. ఏడుపు గొంతు.

జిడ్డుకు చెమట కంట్లోకి దిగింది. తన లెక్క తప్పితే ఇంటికెళ్ళి భార్యకు ఏం చెప్పాలి? ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? నోరు మాత్రం లెక్క ఆపలేదు.

"పన్నెండు. పదమూడు."

కన్సల్టెంట్ తెప్పించుకున్న కన్నీళ్ళు ఆరిపోయాయి. జడలోంచి ఒక పొడుగాటి పిన్ను లాగి బటన్ వైపు దూకింది. జిడ్డు నిచ్చెన మీద నుంచి నేరుగా ఆమెకూ ర్యాక్‌కూ మధ్య దిగాడు. పిన్ను అతని ఛాతీకి వచ్చింది, ఫిల్టర్ అడ్డం వచ్చింది. పిన్ను మొన ఫిల్టర్‌లో దిగబడి ఒక పసుప్పచ్చ చుక్క రాల్చింది. పళ్ళ డాక్టరు కుర్చీలో దొరికిన సూదిలో మిగిలిందీ అదే రంగు.

జిడ్డు ఫిల్టర్‌ను ఒక్క తోపు తోశాడు. నాలుగేళ్ళ మట్టి, బూజు, బల్లి గుడ్ల పెంకులు, అన్నీ కలిసి తెల్ల సిల్కు మీద, వజ్రం మీద, తెరుచుకున్న నోట్లోకి వెళ్ళాయి. ఆమె దగ్గుతూ బకెట్ మీద పడింది. నాచు నీళ్ళు డైరెక్టర్ గారి బూట్ల దాకా పారాయి.

"పదిహేడు," అన్నాడు బాబాయి.

ఆకుపచ్చ దీపం ఒకటి మిణుకుమంది. తరువాత రెండోది. తరువాత వరసంతా.

తెర మీద: 'అడాప్టర్ సిద్ధం.' దాని కింద, మూడు సెకన్లు మిగిలి ఉండగా: 'పిచ్చుక కనెక్ట్ అయ్యెను.'

బాబాయి తన చేతి మీద నుంచి లేవకుండా అలాగే కూర్చుని ఏడ్చాడు. జిడ్డు ఆ గదిలో మొదటిసారి గుండెల నిండా ఊపిరి తీసుకుని, కంపుకు వెంటనే వదిలేశాడు.

మీటరులో అంతా ఉంది. హ్యాంగ్‌కు ముందు వచ్చిన ఆఖరి ప్యాకెట్ 'వెండర్ టెస్ట్' అనే లాగిన్ నుంచి, అంటే కన్సల్టెంట్‌కు డైరెక్టర్ ఇచ్చిన లాగిన్ నుంచి, ఆ పౌడరు డబ్బా నుంచి వచ్చింది. పెద్దమ్మ మనుషులు ఆమెను తీసుకెళ్తుంటే డైరెక్టర్ మింగలేక కక్కలేక నిలబడ్డాడు. తరువాత జేబు రుమాలు తీసి బూట్లు తుడుచుకున్నాడు. ముగ్గురూ ఎలా పోయారో విన్నాక కూడా ఆయన ముందు తుడుచుకున్నది బూట్లే.

రూట్ పాస్‌వర్డ్ ఆమె డబ్బాలోనే దొరికింది. కమిటీ కోసం ఎవరూ ఆగలేదు. ఆఫ్‌లోడ్ ఆపే లైను టైపు చేయడానికి జిడ్డుకు నాలుగు సెకన్లు పట్టింది. చచ్చిన బొద్దింకను కూడా అప్పుడే తీసేశాడు.

పిచ్చుక జాబితా పూర్తిగా వచ్చింది. వాడిని తీసుకెళ్ళడానికి రావలసిన కారు నంబరు వాడికి చేరింది. జాబితా చివర వాడు ఒక లైను అదనంగా పంపాడు: 'బావా, మీ సర్వర్ పరమ స్లో. స్వెటర్ తెస్తున్నా, అక్కకు చెప్పు.'

మర్నాడు రెండు మెమోలు వచ్చాయి. ఒకటి జిడ్డుకు, అనుమతి లేకుండా ఏసీ ఫిల్టర్ తొలగించినందుకు. రెండోది బాబాయికి, పదిహేడు సెకన్లపాటు రీసెట్ చేయనందుకు సంజాయిషీ కోరుతూ. రెండింటి మీదా డైరెక్టర్ సంతకమే. ఆయన మీద పెద్దమ్మ పెట్టిన ఫైలు ఆయన టేబుల్ దాకా చేరడానికి ఇంకా ఒక పూట పడుతుంది.

బాబాయి తన మెమోను సర్టిఫికెట్ తీసేసిన ఫ్రేములో బిగించి గోడకు తగిలించాడు. తరువాత లాగ్‌బుక్ తెరిచి, నలభై మూడో నంబరు వేసి, ముత్యాల్లాంటి దస్తూరితో రాశాడు:

'సర్వర్ హ్యాంగ్. ఏమీ చేయబడలేదు. సరిచేయబడినది.'